పల్నాటి ఎండలో మెలిక తిరిగిన అణువు

నౌషీన్ పుట్టింది మే నెలలో, రెంటచింతలలో. ఈ రెండు ముక్కలూ వింటే చాలు, పల్నాడు వాళ్ళు "అయ్యో, వాళ్ళమ్మ ఎంత అల్లాడిందో!" అంటారు. వేసవిలో టీవీలో వార్తలు చదివేవాళ్ళు ఎక్కడ ఎంత ఎండ కాసిందో చెప్పేటప్పుడు ముందుగా పలికే పేర్లలో ఆ ఊరిది ఒకటి. అక్కడివాళ్ళు నలభై ఆరు, నలభై ఏడు అని డిగ్రీలు చెప్పుకుంటారు. అదీ కాస్త గొప్పగానే చెప్పుకుంటారు.

ఆమె తండ్రి ఇమాం సాహెబ్‌కి ఊళ్ళో మోటారు వైండింగ్ షాపు ఉంది. బోరు మోటారు కాలిపోతే అందులోంచి పాత రాగి తీగ పీకేసి కొత్త తీగ చుట్టడం ఆయన పని. వేసవి వస్తే కూలర్లు కూడా బాగుచేస్తాడు. నౌషీన్ ఆయన్ని 'అబ్బా' అని పిలుస్తుంది. చిన్నప్పటినుంచీ ఆమెది పెద్ద గొంతు. ఇంట్లోంచి "అబ్బా!" అని కేక వేస్తే, వీధిలోకి కొత్తగా దిగినవాళ్ళు పిల్లకేదో దెబ్బ తగిలిందనుకుని బయటికొచ్చి చూసేవాళ్ళు.

మాచర్లలో డిగ్రీ, గుంటూరు దగ్గర యూనివర్సిటీలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి, హైదరాబాదులో ఒక మందుల కంపెనీలో చేరింది. అక్కడ మూడేళ్ళు ఆమె చూసింది ఒకే ఒక్క మాత్ర. పొద్దున దాన్ని కరిగించాలి, సాయంత్రం ఎంత కరిగిందో రాయాలి. మర్నాడు మళ్ళీ అదే. నాలుగో ఏడు మొదలయ్యే ముందు రాజీనామా ఇచ్చి వచ్చేసింది. గురజాలలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే రిజ్వాన్‌తో పెళ్ళయింది. ఆ ఊళ్ళోనే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం దొరికింది. కథ అక్కడితో సుఖంగా ఆగిపోయేదే.

అయితే ఒకరోజు ఏదో సర్టిఫికెట్ పని మీద ఆమె యూనివర్సిటీకి వెళ్ళింది. ఎమ్మెస్సీలో పాఠాలు చెప్పిన పూర్ణిమ మేడంని పలకరిద్దామని గదిలోకి తొంగిచూస్తే, బల్ల మీద నల్లటి ప్లాస్టిక్ గుండ్లూ పుల్లలూ గుచ్చిన బొమ్మ ఒకటి కనిపించింది. చుట్లు తిరిగి ఉంది.

"ఏంది మేడం ఇది? జిలేబీ చేస్తన్నారా?"

"జిలేబీ బల్ల మీద పడుకుంటది. ఇది పడుకోదు, చూడు" అని పూర్ణిమ ఆ బొమ్మని విప్పి, మళ్ళీ మొదటినుంచి కట్టసాగింది.

బెంజీన్ వలయాలు. ఆరేసి మూలలున్న పలకలు. ఒకదాని అంచు ఒకదానికి కలుపుతూ, వంపు తిప్పుతూ పోయింది. నాలుగు దాకా పెద్ద పేచీ లేదు. ఐదోది కాస్త ఇరుకున పడింది. ఆరోది పెట్టబోతే అది నేరుగా వెళ్ళి మొదటిదానికి కొట్టుకుంది. ఒక్కచోట రెండింటికీ జాగా లేదు. పూర్ణిమ కొంచెం వంచేసరికి ఆరోది పైకి లేచి, మొదటిదాని నెత్తి మీదుగా పోయింది.

"దీన్ని హెలిసీన్ అంటారు. గుండ్రంగా తిరిగే మెట్లు చూశావుగా, అట్లాగే. కుడివైపు తిరిగి ఎక్కేది ఒకటి, ఎడమవైపు తిరిగి ఎక్కేది ఇంకొకటి. అవే వలయాలు, అన్నే వలయాలు. కానీ రెండూ ఒకటి కాదు. కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టదుగా."

"ఎందుకు పనికొస్తది మేడం?"

"వెలుగుని మెలిపెడుతుంది. ఫోను తెరల్లో వాడాలని కొందరు చూస్తున్నారు, మందుల్లో కుడి ఎడమలు కనిపెట్టడానికని కొందరు. వాడకం సంగతి తర్వాత. ముందు చెయ్యడమే కష్టం. ఒకటి చెయ్యాలంటే పదీ పన్నెండు దశలు. తీరా చేశాక ఈ చివర చిన్న మార్పు కావాలంటే మళ్ళీ మొదటి దశకి పోవాలి. అలా కాకుండా నడుము ముక్క ఒకటి, అటూ ఇటూ రెక్కలు రెండు, విడివిడిగా చేసిపెట్టుకోవాలి. ఏ రెక్క కావాలంటే ఆ రెక్క తగిలించుకోవాలి. ఆ తర్వాత ఒక్క దెబ్బకి మొత్తం మెలిక తిరగాలి. అదీ నా కోరిక. చేసేవాళ్ళే లేరు."

నౌషీన్ సర్టిఫికెట్ తీసుకుని బస్సెక్కింది. సత్తెనపల్లి దాటేలోపు రిజ్వాన్‌కి ఫోన్ చేసింది.

"నేను పీహెచ్‌డీలో చేరతా."

"సర్టిఫికెట్ కోసం గదా పోయింది?"

"అదీ వచ్చింది."

అలా ముప్పయ్యో ఏట ఆమె పూర్ణిమ దగ్గర పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరింది. వారంలో ఐదు రోజులు గురజాలలో పాఠాలు. శని, ఆదివారాలూ దసరా సెలవులూ వేసవి సెలవులూ యూనివర్సిటీ ల్యాబులో. మూడేళ్ళు అలా తిరిగాక నడుము ముక్కలు రెండు రకాలు, రెక్కలు నాలుగు రకాలు తయారయ్యాయి. వాటిని జతలు జతలుగా కలపడం కూడా కుదిరింది. కలిపినప్పుడు వచ్చే అణువు ఇంకా మెలిక తిరిగి ఉండదు. చేతులు చాపుకున్న మనిషిలా వదులుగా ఉంటుంది. దాన్ని టోల్యూయీన్ అనే ద్రావకంలో కరిగించి, చిటికెడు అయోడిన్ వేసి, దాని మీద బలమైన వెలుగు పెట్టాలి. వెలుగు తగిలితే చాపిన చేతులు రెండూ లోపలికి ముడుచుకుంటాయి. వదులుగా ఉన్నచోట కొత్త వలయాలు కట్టుకుంటాయి. అయోడిన్ మిగులు హైడ్రోజన్లని ఊడబెరికి వాటిని అలాగే బిగిస్తుంది. పూర్ణిమ చెప్పిన ఒక్క దెబ్బ అదే.

ఆ వెలుగిచ్చే మెర్క్యురీ ల్యాంపు ల్యాబులో ఒక్కటే ఉంది. అది 2023 మార్చిలో, సరిగ్గా నౌషీన్ వంతు వచ్చే వారంలో, టప్‌మని పగిలిపోయింది. కొత్తది విదేశం నుంచి రావాలి. దానికి కాగితం కదిలి, సంతకాలు పడి, ఓడెక్కి వచ్చేసరికి ఏడెనిమిది నెలలు.

"వేసవి సెలవులు పోతే నాకు మళ్ళీ ఇంత టైం దొరకదు మేడం" అంది నౌషీన్.

"నాకు తెలుసమ్మా. కానీ ఏం చేస్తాం? దీపం వెలిగిస్తే కుదిరేది కాదుగా."

ఏప్రిల్ మొదటి వారంలో నౌషీన్ రెంటచింతల వచ్చింది, పుట్టింట్లో నాలుగు రోజులు ఉందామని. తండ్రి షాపు ముందు బల్ల మీద కూర్చుని, ఎవరూ అడక్కపోయినా ల్యాంపు కథంతా చెప్పుకొచ్చింది. ఇమాం సాహెబ్ కాళ్ళ మధ్య మోటారు పెట్టుకుని తీగ చుడుతూ విన్నాడు.

"అమ్మాయ్, ఆ ల్యాంపు ఏం చేసిద్ది?"

"వెలుగిచ్చిద్ది అబ్బా. ఊదారంగు వైపు వెలుగు ఎక్కువ ఇచ్చిద్ది."

"ఎంతసేపు?"

"ఆరేడు గంటలు."

ఆయన తల ఎత్తకుండానే చేతిలో కటింగ్ ప్లేయరుతో పైకి చూపించాడు. ఆయన చూపించింది షాపు బోర్డుని. రెండేళ్ళ కిందట 'ఇమాం మోటార్ వైండింగ్' అని ఎర్రటి అక్షరాలతో రాయించిన బోర్డు. ఇప్పుడు అక్షరాలు ఉన్నాయో లేవో తెలియడం లేదు.

"రెండేండ్లకో బోర్డు తినేస్తంది ఈ ఎండ. పెయింటు రంగు ఊడగొట్టేదానికి నీ సీసాలో మందు ఒక లెక్కా? పైన అంత ల్యాంపు పెట్టుకుని, పగిలిన బుడ్డి కోసం ఏడుస్తావేందే?"

నౌషీన్ వెంటనే ఫోను తీసి పూర్ణిమకి కలిపింది.

పూర్ణిమ అవతలినుంచి అంతా వింది. తర్వాత నవ్వింది. "నీ అణువులు వెలుగు పీల్చేది ఊదారంగు అంచు దగ్గర. ఎండలో అది ఉంది. ల్యాంపంత చిక్కగా ఉండదు, అంతే. పాతకాలంలో సీసాలు మిద్దె మీద పెట్టి పని చేసుకున్నవాళ్ళు ఉన్నారు. చేసి చూడు. కానీ ఇంట్లో వద్దు. టోల్యూయీన్ అంటుకుంటుంది. కాలేజీలో, అనుమతి తీసుకుని, జాగ్రత్తగా చెయ్యి."

అనుమతి ఇవ్వాల్సింది ప్రిన్సిపాల్ ఆరోగ్యస్వామి. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పిన మనిషి. సైన్సు అంటే ఆయనకి గౌరవం ఉంది, భయం అంతకంటే ఎక్కువ ఉంది.

"ఇది పేలిద్దా అమ్మా?"

"పేలదు సార్. అంటుకునే గుణం ఉంది. నిప్పు దగ్గరికి రానీను."

"ఈ ఎండే నిప్పు గదా?"

"దానంతటది అంటుకోవాలంటే ఈ ఎండకి పదింతలు వేడి కావాల సార్."

ఆరోగ్యస్వామి చాలాసేపు ఆలోచించి మూడు షరతులు పెట్టాడు. పిల్లలెవరూ డాబా ఎక్కకూడదు. రెండు బకెట్ల ఇసుక, మంటలార్పే సిలిండరు పక్కనే ఉండాలి. డాబా తాళంచెవి తన దగ్గరే ఉంటుంది, నౌషీన్ పైన ఉన్నంతసేపూ తానూ కాలేజీలోనే ఉంటాడు. మూడో షరతు ఎందుకు పెట్టానా అని తర్వాత ఆయన చాలాసార్లు అనుకొని ఉంటాడు.

కాలేజీ డాబాకి ఆ ఏడే పిడుగురాళ్ళ సున్నం దట్టంగా కొట్టించారు, కింద గదులు చల్లబడతాయని. తెల్లటి సున్నం మీద పడ్డ ఎండ తిరిగి కళ్ళలోకి కొట్టేది. మనుషులకి అది నరకం, నౌషీన్ పనికి వరం. పైనుంచి ఒక వెలుగు, కిందినుంచి ఇంకొకటి. తలకి తుండుగుడ్డ చుట్టుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గాజు ఫ్లాస్కులో ఊదారంగు ద్రావణం పోసి స్టాండుకి బిగించింది.

మొదటిరోజు పదకొండున్నరకే ద్రావణం వేడెక్కి పొంగి, బిరడా ఎగిరింది. తెల్లటి సున్నం మీద చాపంత ఊదారంగు మరక. చప్పుడు విని ఆరోగ్యస్వామి చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కి వచ్చి, కాలిన కాళ్ళతో ఎగురుకుంటూ వెనక్కి దిగాడు.

"పేలదన్నావు గదమ్మా!"

"పేల్లేదు సార్, పొంగింది."

"ఇంగ్లీషులో రెంటికీ తేడా ఉందిగాని, మెట్ల మీదున్నోడికి లేదు తల్లీ."

మర్నాడు ఫ్లాస్కుని నీళ్ళ తొట్టిలో ముంచి పెట్టింది. పొంగలేదు. రెండురోజుల ఎండ తిన్నాక దాన్ని యూనివర్సిటీకి పట్టుకెళ్ళి ఎన్ఎంఆర్ యంత్రంలో పెట్టించింది. అణువులో ఏది ఎక్కడుందో గీతలు గీసి చూపించే యంత్రం అది. గీతలు చూసి పూర్ణిమ పెదవి విరిచింది.

"మెలిక తిరగలేదు. పక్కపక్కనున్న అణువులు రెండేసి అతుక్కున్నాయి. ద్రావణం చిక్కగా పెట్టావు కదూ?"

"టోల్యూయీన్ పొదుపు చేద్దామని..."

"కిక్కిరిసిన బస్సులో చెయ్యి ముడుచుకుందామంటే పక్కవాడికి తగలదా? అంతే ఇదీ. పల్చన చెయ్యి. ఇరవై రెట్లు పల్చన."

ఇరవై రెట్లు పల్చన అంటే ఫ్లాస్కు బదులు బిందె కావాలి. లోతైన పాత్రలో పోస్తే వెలుగు పైపొర దగ్గరే ఆగిపోతుంది, అడుగున ఉన్నదానికి అందదు. దీనికి మందు పూర్ణిమే చెప్పింది. సన్నటి గొట్టంలో పారిస్తే ప్రతి బొట్టుకీ వెలుగు అందుతుంది. ల్యాబు బీరువాలో ఎవరో ఎప్పుడో కొని వదిలేసిన పారదర్శకమైన టెఫ్లాన్ గొట్టం చుట్ట ఉంది, యాభై మీటర్లు. అది సంచిలో వేసుకుని నౌషీన్ తండ్రి దగ్గరికి వచ్చింది.

"అబ్బా, ఇది చుట్టాల. ఎక్కడా మడత పడగూడదు. చుట్టు మీద చుట్టు పడగూడదు. ప్రతి చుట్టుకీ ఎండ తగలాల."

ఇమాం సాహెబ్ గొట్టాన్ని వేళ్ళతో నలిపి చూశాడు, నోట్లో పెట్టుకుని ఊది చూశాడు. అప్పటిదాకా కూతురి చదువుని ఆయన దూరంనుంచి చూసి సంతోషించడమే గాని అందులో వేలు పెట్టే సందు దొరకలేదు. ఆ గొట్టం చేతికి వచ్చేసరికి మనిషి తీరే మారిపోయింది. ఆరోజు వచ్చిన ఇద్దరు రైతుల మోటార్లు పక్కన పెట్టించి, "రేపు రండయ్యా, ఇయ్యాల మా అమ్మాయి పనుంది" అన్నాడు.

పాత కూలరు రేకుని డోలులా వంచి, దానికి మెరిసే అల్యూమినియం రేకు తొడిగాడు. గాడులు పెట్టి గొట్టం చుట్టాడు. ముప్పై ఆరు చుట్లు. చుట్టుకీ చుట్టుకీ మధ్య వేలి మందం ఖాళీ. మొత్తం డోలుని కూలరు గడ్డిలాగా తడపడానికి చిన్న నీళ్ళ పంపు బిగించాడు. పైన ఎత్తు బల్ల మీద పెద్ద గాజు గరాటు, దానికో చిన్న టెఫ్లాన్ కుళాయి. అందులోంచి ద్రావణం బొట్టుబొట్టుగా గొట్టంలోకి దిగి, ముప్పై ఆరు చుట్లూ ఎండలో తిరిగి, కింద సీసాలో పడాలి. మొదటి బొట్టు కిందికి చేరడానికి ఎంతసేపు పట్టాలో నౌషీన్ లెక్క కట్టింది. నలభై నిమిషాలు. ముప్పై ఎనిమిదికే వచ్చింది.

"రెండు నిమిషాలు ఎక్కడ పోయినయ్?" అన్నాడు ఇమాం సాహెబ్, తప్పు తనదేమోనని.

"పోతే పోనీ అబ్బా!"

అంతా కుదిరిందనుకునేసరికి కరెంటు పోయింది. ఏప్రిల్ చివరివారం, మిట్టమధ్యాహ్నం. పంపు ఆగింది. తడి ఆరగానే గొట్టం వేడెక్కింది. నౌషీన్ పరుగున కుళాయి కట్టేసి, బకెట్లతో నీళ్ళు పోస్తూ రిజ్వాన్‌కి ఫోన్ చేసింది. పావుగంటలో రిజ్వాన్ షాపులోని ఇన్వర్టరూ బ్యాటరీ ఆటోలో వేసుకుని వచ్చాడు. బ్యాటరీని డాబా మీదికి ఎక్కించేసరికి చొక్కా పిండుకునేలా తడిసింది.

"మరి షాపు?"

"ఫ్యాన్ లేదు. లోపల నలుగురు కూచోనున్నారు ఫోన్లిచ్చి. తిడతన్నారు."

"ఏం చెప్పావు వాళ్ళకి?"

"మా ఆవిడ డాబా మీద మెట్లు కడతందని చెప్పా. కొలతకి కూడా అందనంత చిన్న మెట్లని చెప్పలేదు."

ఆ బ్యాటరీ ఆ వేసవంతా డాబా మీదే ఉంది. రిజ్వాన్ షాపులో విసనకర్రలు నాలుగు వేలాడదీశాడు.

మే మూడో తారీఖున కింద సీసాలోకి దిగిన ద్రావణాన్ని ఆరబెడితే పసుపురంగు పొడి మిగిలింది. చిటికెడు కరిగించి ప్లేటు మీద చుక్క పెట్టి, అది ద్రావకంతో పైకి పాకాక ఊదారంగు టార్చి వేసి చూడాలి. దానికి చీకటి కావాలి. మిట్టమధ్యాహ్నం గురజాలలో చీకటి దొరికే చోటు ఏది? కాలేజీలో కిటికీల్లేని గది ఒక్కటే, పరీక్ష పేపర్లు దాచే గది. దాని తాళం కూడా ఆరోగ్యస్వామి దగ్గరే ఉంది. ఆయన తాళం తీశాడుగాని, పేపర్లున్న గదిలోకి ఒంటరిగా పంపించే మనిషి కాదు. తానూ లోపలికొచ్చి తలుపేశాడు.

టార్చి వెలిగింది. ప్లేటు మీద నీలంగా ఒక చుక్క మండుతున్నట్టు మెరిసింది. దాని కింద అంతకుముందు కనిపించే పచ్చటి చుక్క, మెలిక తిరగని అణువుది, ఇప్పుడు లేదు.

ఆరోగ్యస్వామి ప్లేటు మీదికి వంగాడు. "ఇదేనా అమ్మా?"

"ఇదే అయ్యుండాల సార్."

"అయ్యుండాల ఏందమ్మా? నెలరోజులు పడిగాపులు కాశాను. 'అయ్యింది' అని చెప్పు."

"ఎన్ఎంఆర్ చూడకుండా అట్టా చెప్పగూడదు సార్."

"సైన్సోళ్ళకి సంతోషపడేది కూడా చేతగాదు" అని ఆయన తలుపు తీశాడు. బయటికొచ్చాక కళ్ళు తుడుచుకున్నాడు. ఎండ కళ్ళల్లో పడిందన్నాడు.

గీతలు ఈసారి సరిగ్గా వచ్చాయి. ఆరు వలయాలు. మొదటిదాని నెత్తి మీద ఆరోది. పూర్ణిమ కాగితం మీద టిక్కు పెట్టి, మళ్ళీ చూసి, ఇంకో టిక్కు పెట్టింది.

అది వెలుగుని ఎంత తిప్పుతుందో చూద్దామని పొడిని కరిగించి ఆ కొలత యంత్రంలో పెట్టారు. సున్నా వచ్చింది. ఆ సంగతి నౌషీన్ తండ్రికి ఫోనులో చెబితే ఆయన గాబరాపడ్డాడు.

"సున్నా ఏందే? ఇంత చేసి సున్నానా?"

"అది అట్టాగే రావాల అబ్బా. సగం కుడికి తిరిగేవి, సగం ఎడమకి తిరిగేవి వచ్చినయ్. ఒకటి ఎంత తిప్పితే రెండోది అంత ఎనక్కి తిప్పిద్ది."

"మరి వాటిని విడగొట్టరా?"

"విడగొట్టాల. దానికి హైదరాబాద్ పోవాల."

హైదరాబాదులో పూర్ణిమకి తెలిసిన ల్యాబులో కుడి ఎడమలను వేరుచేసే ప్రత్యేకమైన కాలమ్, అంటే పొడి నింపిన గొట్టం, ఉంది. రెండు చిన్న సీసాలతో తిరిగొచ్చింది నౌషీన్. ఒకటి పెట్టి చూస్తే యంత్రం మూడువేల ఆరువందల పైచిలుకు చూపించింది. అదే లెక్కలో పంచదార అరవై ఆరు. పూర్ణిమ యంత్రాన్ని ఆపేసి మళ్ళీ పెట్టింది. ద్రావణం ఎంత కరిగించారో తూకం మళ్ళీ చూసింది. అంకెలో దశాంశ చుక్క ఎక్కడో తప్పు పెట్టామనుకుంది. మళ్ళీ అదే అంకె. రెండో సీసా పెడితే అదే అంకె, ముందు మైనస్ గుర్తుతో.

"నౌషీన్, ఇది మెలిక తిరగడం కాదు తల్లీ, సుడిగాలి" అంది పూర్ణిమ.

ఆ వేసవి ముగిసేలోపు రెక్కలు మార్చి, నడుములు మార్చి నౌషీన్ ఏడు రకాల హెలిసీన్లు చేసింది. ఇంతకుముందైతే ఒక్కోదానికి నెలలు పట్టేది. ఇప్పుడు కావాల్సిన ముక్కలు కలిపి గరాటులో పోయడమే. అన్నిటికంటే పొడుగుది, తొమ్మిది వలయాలది, ఎన్నిసార్లు ఎండలో తిప్పినా రాలేదు. నాలుగుసార్లు ప్రయత్నించింది. నాలుగుసార్లూ గోధుమరంగు జిడ్డు మిగిలింది. కారణం ఇప్పటికీ తెలియదు. థీసిస్‌లో ఆ మాట అలాగే రాసింది. ఊహలు రాయమని ఒకరిద్దరు సలహా ఇచ్చినా రాయలేదు.

జూన్ రెండో వారంలో మొదటి వాన పడింది. నౌషీన్, ఇమాం సాహెబ్ కలిసి డోలు విప్పి కిందికి దించారు.

పరిశోధన వ్యాసం అచ్చుకి వెళ్ళేముందు చూసినవాళ్ళలో ఒకరు, ఎండ అన్నారే, ఏ ఎండ, ఎంత ఎండ, కొలత ఏది అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మరుసటి ఏడు ఎండ బలాన్ని కొలిచే మీటరు తెచ్చి, పదిహేను రోజులపాటు గంటగంటకీ కొలిచి, ప్రయోగాలు రెండు మళ్ళీ చేసి, పట్టిక పంపింది. ఆ పట్టిక సగం ఆరోగ్యస్వామి చేతిరాతే. నౌషీన్ ఇన్విజిలేషన్‌లో ఉన్న గంటల్లో ఆయనే గొడుగు వేసుకుని డాబా ఎక్కి అంకెలు రాసుకొచ్చేవాడు. వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఆయన పేరు, ఇమాం సాహెబ్ పేరు, రిజ్వాన్ పేరు ఉన్నాయి. ఇంగ్లీషులో తన పేరుకి ఒక అక్షరం తప్పు పడిందని ఆరోగ్యస్వామి ఇప్పటికీ అంటుంటాడు.

ఆఖరి మౌఖిక పరీక్షకి నౌషీన్ వెంట ఆ ముగ్గురూ గుంటూరు వెళ్ళారు. పరీక్షకుడు బయటి రాష్ట్రంనుంచి వచ్చిన పెద్దమనిషి, ఇంగ్లీషులో గంటన్నర అడిగాడు. చివర్లో గొట్టం చుట్టిన డోలు ఫొటో చూసి, ఖాళీలు ఇంత సమానంగా ఉన్నాయి, ఏ కంపెనీలో చేయించారని అడిగాడు. నౌషీన్ వెనక వరుస వైపు చూపించింది. తన గురించే ఏదో అంటున్నారని ఇమాం సాహెబ్‌కి అర్థమై లేచి నిలబడ్డాడు. ఏం చెప్పాలో తోచక, "మోటారైనా ఇదైనా ఒకటే సార్, చెయ్యి తొందర పడగూడదు" అన్నాడు. పూర్ణిమ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. పరీక్షకుడు ఆ మాట రాసుకున్నాడు.

డాక్టరేట్ వచ్చాక యూనివర్సిటీలో తాత్కాలిక ఉద్యోగం ఒకటి ఉంది, వస్తావా అని పూర్ణిమ అడిగింది. నౌషీన్ రెండు రోజులు ఆలోచించి వద్దంది. పాఠాలు చెప్పడం ఆమెకి ఇష్టం, రిజ్వాన్ షాపు ఇక్కడ, డాబా ఇక్కడ. "ల్యాంపు మీ దగ్గరుంది మేడం, మే నెల నా దగ్గరుంది" అంది.

పోయిన ఏప్రిల్‌లో పూర్ణిమ ఒక పరిశోధక విద్యార్థినిని గురజాల పంపించింది. పేరు స్వాతి, ఊరు తెనాలి. కొత్త ముక్కల్ని ఎండలో మెలితిప్పడం నేర్చుకు రమ్మని చెప్పి పంపింది. చదువుకోవడానికి గురజాలనుంచి గుంటూరు వెళ్ళేవాళ్ళే గాని, గుంటూరునుంచి ఇటు వచ్చినవాళ్ళని ఆ కాలేజీలో ఎవరూ చూడలేదు. నౌషీన్ స్కూటీ మీద బస్టాండుకి ఎదురెళ్ళింది. పొద్దున తొమ్మిదికే తారు మెత్తబడుతోంది. స్వాతి బస్సు దిగి, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఏం మేడం, ఇక్కడ రోజూ ఇట్లాగే ఉంటుందా?"

"ఇది పొద్దున చల్లదనం. పన్నెండింటికి చూద్దువుగాని. టోపీ తెచ్చుకున్నావా?"

"లేదు మేడం."

"నీళ్ళ సీసా?"

"చిన్నది ఉంది."

నౌషీన్ తన మెడలోని తుండుగుడ్డ తీసి, అమ్మాయి తలకి రెండు చుట్లు బిగించి కట్టింది. "ఎక్కు. ముందు ఇంటికి పోయి మజ్జిగ తాగుదాం. ఆ తర్వాత డాబా సంగతి చూద్దాం. ఒక్కటి గుర్తుపెట్టుకో, చెప్పుల్లేకుండా మెట్లెక్కొద్దు. మా ప్రిన్సిపాల్ సార్‌ని అడుగు, ఎందుకో ఆయన చెప్తాడు."

స్వాతి వెనక ఎక్కి కూర్చుంది. సంచిలోని కొత్త ముక్కల సీసాలు గలగలమన్నాయి. నౌషీన్ హుషారుగా హారన్ కొట్టి, గేదెల మందని తప్పించుకుంటూ కాలేజీ రోడ్డులోకి తిరిగింది.